ప్రత్యుదాహరణము



కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి పాఠములు వ్రాయు విషయమున నావంటి గృహిణికి ఏమి పని యని మీరు నవ్వవచ్చును. నేను కళాశాల గడప త్రొక్కినదానను కాను. మా తండ్రిగారు ఇంటివద్దనే అమరము, బాలవ్యాకరణము, తర్కసంగ్రహము చెప్పిరి. పదవ తరగతి పరీక్షకును ఇంటనుండియే చదివి వ్రాసితిని. వివాహమైన పిదప ఆ పుస్తకములు అటకమీది పెట్టెలో చేరినవి. మావారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. ఇంటిలో లెక్కల పుస్తకములకున్న మర్యాద నా పుస్తకములకు లేదని మనసున అనుకొనుచుంటినే గాని పైకి ఎన్నడును అనలేదు. గడచిన ఆషాఢమున జరిగిన సంగతి యొకటి ఆ తలంపును సడలించినది. దానినే మీకు విన్నవించుచున్నాను.

మా చిన్న ఆడపడుచు హైదరాబాదున ఒక సాఫ్టువేరు కంపెనీలో ఉద్యోగము చేయుచున్నది. బిడ్డ పుట్టినపుడు పని మాని, నాలుగేండ్లు ఇంటిపట్టున నుండి, నిరుడు మరల చేరినది. భర్త పనిమీద పరదేశము వెళ్లుటచే నెల దినములు మా యింట నుండుటకు బిడ్డతో వచ్చినది. పగలెల్ల ముందుగదిలో లాప్‌టాపు ఎదుట కూర్చుండి కంపెనీ పని చేసెడిది. మూడవనాటికి ఆమెకు అన్నము సహించుట లేదని కనిపెట్టితిని. రాత్రి గిన్నెలు సర్దుకొనుచు అడుగగా, మొదట “ఏమీ లేదు వదినా” అని, పిమ్మట కన్నీరు పెట్టుకొన్నది.

సంగతి యిది. ఆ కంపెనీవారు దుకాణములకు బిల్లులు వేయు ప్రోగ్రాములు తయారు చేయుదురు. అవి జావాస్క్రిప్టు అను భాషలో నున్నవి. 1995లో పుట్టిన ఆ భాష మిక్కిలి ఉదారమైనది. దేనిని దేనితో కలిపినను సాధారణముగా కాదనదు. ఒకనాడు ఐదువందల రూపాయల సరకునకు నలువది రూపాయల రవాణా ఖర్చు కూడి 540 కావలసినచోట, కొనువారి తెరమీద 50,040 అని పడినది. గంటలోనే దిద్దిరి గాని దుకాణదారులు ఊరకుందురా? ఆ భాగమును వ్రాసినవాడు చేరి ఆరు నెలలైనను కాని కుఱ్ఱవాడు. అందఱును వానినే తప్పుపట్టిరి. వానిని పంపివేయుదు రనువఱకు వచ్చినది.

అప్పుడు మా ఆడపడుచు నలుగురిలో లేచి, “తప్పు వాడిది మాత్రమే కాదు. మన భాషే అడ్డు చెప్పదు, మనమూ వాడికి నేర్పలేదు” అన్నదట. 2012లో మైక్రోసాఫ్టువారు వెలువరించిన టైప్‌స్క్రిప్టు అను భాష యున్నది. అది జావాస్క్రిప్టే; కాని అందు ప్రతి వస్తువునకు టైపు, అనగా జాతి, చెప్పుకొను వీలున్నది. ఇది అక్షరముల వరుస, ఇది సంఖ్య యని ముందే చెప్పియుంచినచో, ఒకదాని స్థానమున మఱొకటి పెట్టినపుడు ప్రోగ్రాము నడువక మునుపే యంత్రము అడ్డుపడును. పాత ప్రోగ్రాములనెల్ల దీనిలోనికి మార్చుదమని ఆమె చెప్పగా పెద్దలు సమ్మతించిరి. పనివారు చదివి నేర్చుకొనుటకు పాఠపత్రమును నీవే వ్రాయుమనిరి. ఇట్టి పత్రములు బయటివారికి కావు, కంపెనీలోనివారు తమలో తాము చదువుకొనునవి. వీనిని డాక్యుమెంటేషను అందురు.

ఆమె ముప్పది పుటలు వ్రాసినది. అందఱును తెఱచిరి, మొదటి పుట చూచిరి, మూసిరి. యంత్రము అడ్డుచెప్పిన ప్రతిచోట కుఱ్ఱవారు ‘ఎనీ’ అని వ్రాసి దాటిపోవుచుండిరి. ఎనీ అనగా ఏదైనను. ఆ మాట వ్రాసినచో యంత్రము నోరు మూసికొనును. మఱునెల పండ్రెండుగురు క్రొత్తవారు చేరనున్నారు. వారును ఈ తీరుననే యున్నచో మార్పును విరమించి పాతపద్ధతికే పోవుదమని పై అధికారి చెప్పియుండెను.

“ఇదంతా నేను చెప్పగా మొదలైన పని వదినా. నాలుగేళ్లు ఇంట్లో కూర్చుని వచ్చి కొత్త కొత్త మాటలు చెబుతోందని ఇప్పటికే అంటున్నారు. ఇదీ పాడైతే ఇక నా మాట ఎవరూ వినరు” అన్నది.

మఱునాటి సాయంకాలము నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “వదినా, దీన్ని తెలుగులో చెబుతాను, వింటావా? నీకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది” అన్నది. నా అజ్ఞానమునకైనను ఒక వెల గలదు గదా యని లోలోపల కొంత నొచ్చుకొంటిని. అయినను వింటిని. మొదటి వాక్యమే, టైపు అనగా కొన్ని విలువల సమితియు వానిపై చేయదగిన క్రియలును అని. రెండవ పుటలో పాలీమార్ఫిజము, మూడవ పుటలో కోవేరియన్సు. నాకు ఒక్క ముక్కయు తెలియలేదు. కాని ఆ వ్రాతయొక్క రూపము మాత్రము నే నెఱిగినదే.

“అమ్మాయీ, ఇవన్నీ సూత్రాలు. ఉదాహరణ ఏది? ప్రత్యుదాహరణ ఏది?” అని అడిగితిని.

ఆ మాటలు మీలో కొందఱికి క్రొత్తవి కావచ్చును. మన వ్యాకరణములు సూత్రములుగా నున్నవి. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది; అదియు సూత్రరూపమే. సూత్రము చిన్నది, దానంతట అది బోధపడదు. దానికి వివరణము కావలెను. సూత్రము పట్టుచోటును చూపు ఉదాహరణము కావలెను. పట్టనిచోటును చూపు ప్రత్యుదాహరణమును కావలెను. మా తండ్రిగారు మొదట ప్రత్యుదాహరణమే చెప్పెడివారు. నాకు ఎనిమిదేండ్ల వయసున ఒకనాడు, “ఆవు వచ్చినాడు” అనిరి. నేను నవ్వితిని. “ఎందుకు నవ్వినావు?” అనిరి. చెప్పలేకపోతిని. అప్పుడు గదా మహత్తు, అమహత్తు అను భేదమును చెప్పిరి. పురుషుని గుఱించి వచ్చినాడు అందుము, పశువును గుఱించి వచ్చినది అందుము. సూత్రము తెలియకమునుపే నా చెవికి తప్పు తెలిసినది. ఆ తెలిసినదానికే వారు పేరు పెట్టిరి. కనుక ఆ సూత్రమును నేను మఱువలేదు.

ఇది చెప్పి, “ఆ అబ్బాయి చేసిన తప్పేమిటో అది చెప్పు, మిగిలింది తరువాత” అంటిని. ఆమె కాగితముమీద వ్రాసి చూపినది. తెరమీది గడిలో మనము 500 అని కొట్టినపుడు యంత్రమునకు చేరునది సంఖ్య కాదట. ఐదు, సున్న, సున్న అను మూడు అక్షరముల వరుసయట. దానిని స్ట్రింగు అందురు. ఆ భాషలో సంఖ్యల నడుమ కూడిక గుర్తు పెట్టిన కూడును. అక్షరముల వరుసకు ఆ గుర్తు పెట్టిన ప్రక్కప్రక్కన అతికించును. కనుక 500 ప్రక్కన 40 చేరి 50040 అయినది. మా చిన్నవాడు పలకమీద ఐదును మూడును కూడుమనగా 53 అని వ్రాసిన దినము నాకు జ్ఞప్తికి వచ్చి పకపక నవ్వితిని. ఆమెయు, మూడు దినములకు మొదటిసారి, నవ్వినది.

“ఇంత తేటగా ఉన్నదాన్ని మొదటి పుటలో ఎందుకు పెట్టలేదు?” అని అడిగితిని.

ఆమె నవ్వు ఆగినది. “పెడితే ఆ అబ్బాయిని మళ్లీ నలుగురిలో నిలబెట్టినట్టే కదా వదినా. ఎవరిదో అందరికీ తెలుసు.”

అది నిజమే. తప్పుచేసినవానిని నొప్పించక తప్పును చూపుట యెట్లు? ఆ రాత్రి చాలసేపు ఆలోచించి, తెల్లవాఱినపిదప నాతో ఒక సంగతి చెప్పినది. మొదట ఉద్యోగమున చేరిన సంవత్సరము ఆమెయు ఒక తప్పు చేసినదట. ఒకరికి రెండు వందల ఏబది రూపాయలు తిరిగి చెల్లింపవలసియుండెను. ఆ మొత్తము పైసలలో, 25,000 అని వచ్చినది. ఈమె వ్రాసిన భాగము దానిని రూపాయలుగా గ్రహించి ఇరువదియైదు వేలు పంపినది. నాటి పెద్దలు గుట్టుగా సరిచేసిరి. పెనిమిటితో సైతము ఆమె ఈ మాట చెప్పియుండలేదు. “అది వ్రాస్తాను” అన్నది. క్రొత్త పత్రమునకు మొదటి వాక్యము అట్లు పుట్టినది: ఇందలి తప్పులలో ఒకటి నేను చేసినది, అది ఏదో చివర చెప్పెదను.

అటుపై ప్రతి సాయంకాలము మే మిరువురము కూర్చుండెడివారము. పత్రము ఇంగ్లీషుననే యుండవలెను. తెలుగున మాటలాడుకొని ఆమె ఇంగ్లీషున వ్రాసెడిది. నేను వంటయింటి మాటలలో అర్థము చేసికొంటిని. టైపు అనగా డబ్బామీది చీటీ వంటిది. లోపల నేడేమున్నదో చెప్పుట దాని పని కాదు. ఏమి పోయవచ్చునో, పోసినదానిని దేనికి వాడవచ్చునో అది చెప్పును. కందిపప్పు డబ్బా ఖాళీగా నున్నను కందిపప్పు డబ్బాయే. ఎనీ అను చీటీ యెట్టిదనగా, ‘ఏదైనను’ అని వ్రాసి డబ్బాకు అంటించుట. అట్టి డబ్బాలో నున్నది పిండియో సున్నమో యని ఎవరును అడుగరు. విస్తరిలో వడ్డించినపుడు గాని తెలియదు.

తర్కసంగ్రహమున ఒక మాట గలదు. పదునేడవ శతాబ్దమున తెలుగువాడైన అన్నంభట్టు వ్రాసిన గ్రంథమది. వాక్యమునకు అర్థము కుదురవలెనన్న ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని అందు చెప్పబడినది. యోగ్యత లేని వాక్యమునకు పండితులు చూపు ఉదాహరణము నిప్పుతో తడుపుట. అందు విభక్తి దోషము లేదు, పదములు నిర్దుష్టములే; కాని తడుపుటకు నిప్పు తగదు. ఇది వినగానే ఆమె, “వదినా, టైపు చెక్కింగ్ అంటే ఇదే!” అని లేచి నిలుచున్నది. ఇంగ్లీషువాడైన రస్సెల్ అను గణితతత్త్వవేత్త సమూహముల విషయమున పుట్టిన ఒక చిక్కును విడదీయుటకు 1908లో టైపుల సిద్ధాంతమును విస్తరించి ప్రకటించెనని, దానికిని ఏది దేనికి తగును అనుటయే మూలమని ఆమె చెప్పినది. అటకమీది పుస్తకమునందలి మాట ముందుగదిలోని యంత్రమునకు పనికివచ్చినందులకు నేను పొంగితిననుట నిజము.

ఆ పొంగు ఒక అనర్థము తెచ్చినది. శూన్యమును గుఱించిన పాఠము వచ్చెను. కొనువారు ఫోను నెంబరు ఇయ్యలేదనుకొనుడు. లేని నెంబరునకు అంకెలు లెక్కింపబోయి ప్రోగ్రాము ఆగిపోవును. లేని గిన్నెలో గరిటె ముంచినట్లు. హోర్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు 1965లో ఒక భాషను నిర్మించునపుడు, సులువుగా నున్నదని, ఏమియు లేదను గుర్తును అన్ని చోటుల నుండనిచ్చెను. 2009లో తానే దానిని నూఱుకోట్ల డాలర్ల తప్పు అని ఒప్పుకొనెను. టైప్‌స్క్రిప్టులో 2016నుండి దీనికొక కట్టుబాటు గలదు; దానిని అమలుపెట్టినచో, లేకపోవచ్చునన్న వస్తువును ఉన్నదా యని అడిగినగాని వాడనీయదు. ఈ మాత్రము చాలును. కాని నేను ఊరకుంటినా? మన తర్కమున అభావము నాలుగు విధములని, ప్రాగభావమని, ప్రధ్వంసాభావమని ఆమెచే ఒకటిన్నర పుట వ్రాయించితిని. పాపము, నా ముచ్చట చెల్లించుటకు వ్రాసినది.

పరీక్షార్థము ఆ పత్రమును ఇద్దఱు కుఱ్ఱవారికి పంపగా, ఒకడు ఇట్లు ప్రత్యుత్తరమిచ్చెను: “అక్కా, పాత పత్రంలో కోవేరియన్సు అర్థం కాలేదు. ఇందులో అదీ ఉంది, దానితోపాటు సంస్కృతం కూడా వచ్చింది.” నా చెవులు వేడెక్కినవి. ఆమె కోవేరియన్సును, నా ప్రధ్వంసాభావమును ఒకే పని చేయుచున్నవని అప్పుడు తెలిసినది. రెండును చదువరికొఱకు కాక వ్రాసినవారి చదువును చూపుకొనుటకొఱకు వచ్చినవి. ఆ రాత్రి రెండింటిని కొట్టివేసితిమి. యోగ్యత అను మాట నొక్కటి మాత్రము, ఇంగ్లీషు అక్షరములలో, ఒకేచోట ఉండనిచ్చినది.

తుదకు పత్రము పదునొకండు పుటలైనది. ప్రతి పుటకు ఒకే యేర్పాటు. మొదట తప్పుగా వ్రాసిన నాలుగు పంక్తులు. వానికి యంత్రము చెప్పు ఆక్షేపణము, ఉన్నది ఉన్నట్లుగా. ఆ ఆక్షేపణమునకు మామూలు మాటలలో అర్థము. ఉదాహరణమునకు, స్ట్రింగును నంబరుండవలసిన స్థానమున పెట్టితివి, అది అచట కుదురదు అని. యంత్రము తిట్టుచున్నదని కుఱ్ఱవారు భయపడి ఎనీ వ్రాయుదురట. అది తిట్టు కాదు, త్రోవ చూపుట. తరువాత దిద్దిన పంక్తులు. సూత్రము చిట్టచివర, ఒక్క వాక్యము. ఆమె చదువుచుండగా నేను ఎచట తడబడిన అచట దిద్దెడిది. నా అజ్ఞానమును అడిగినందులకు నొచ్చుకొన్న నేను, తెలియలేదని చెప్పుటయు ఒక పనియే యని గ్రహించితిని.

చివరి పుట రూపాయల, పైసల పాఠము. ఇది అన్నిటికంటె కష్టమైనది, ఏలయన రెండును సంఖ్యలే. చీటీ రెండింటికిని నంబరే. రూపాయ అని, పైస అని నంబరునకే రెండు పేర్లు పెట్టినను ఆ భాష వానిని వేఱు జాతులుగా చూడదు. అది పేరును గాక ఆకృతిని చూచును. మెత్తని ఉప్పును పంచదారను ఒకేరీతి డబ్బాలలో పోసినట్లు. కనుక వేఱొక ముద్ర వేసి వానిని వేఱుపఱుపవలెను. అపుడు గాని ఒకదాని చోట మఱొకటి పెట్టినచో యంత్రము పట్టుకొనదు. ఇట్టి తప్పు గొప్పవారికిని తప్పలేదు. 1999 సెప్టెంబరున అమెరికాదేశపు నాసావారు అంగారకునికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌక గమ్యమును చేరుచునే నశించినది. నౌకను నడుపు తోపునకు సంబంధించిన లెక్కను ఒక ప్రోగ్రాము పౌండ్లలో నియ్యగా, దాని నందుకొన్న ప్రోగ్రాము న్యూటన్లుగా గ్రహించెను. ఈ కథక్రింద మా ఆడపడుచు తన ఇరువదియైదు వేల కథను వ్రాసి, ఇది నాది, అని ముగించినది. పంపు మీట నొక్కుటకు ముందు చాలసేపు చేయి వెనుదీసినది. నేను కాఫీ తెచ్చుటకు లోనికి పోయి వచ్చునప్పటికి నొక్కినది.

మావారు ఆ రాత్రి ఆ పత్రమును తెప్పించుకొని కడవఱకు చదివిరి. “ఇరవై ఏళ్లుగా బోర్డుమీద సరైన లెక్కే వేస్తున్నాను. పిల్లలు చేసే తప్పును వేసి ఎందుకు తప్పో అడగాలని తోచలేదు” అనిరి. కొంతసేపటికి, “నీ బాలవ్యాకరణం ఏ పెట్టెలో ఉంది?” అని అడిగిరి. మఱునాడు నిచ్చెన వేసి తామే దించిరి.

దసరా పండుగకు ఆమె ఫోను చేసినది. క్రొత్తవారు పత్రము చదివిరట. అందఱును ఒకే తీరున నేర్చిరనుటకు వీలులేదు; శూన్యమును గుఱించిన పుటను మరల వ్రాయవలసి వచ్చినది; ఎనీ యింకను కొన్ని మూలల దాగియున్నది. అయినను మార్పు ఆగలేదు. క్రొత్తగా చేరిన అమ్మాయి యొకతె ఆఱవ పుటలో తప్పు కనిపెట్టి తానే దిద్దినదట. చదువనివారు దిద్దరు గదా, అదియే తన సంతోషమన్నది. పిమ్మట మెల్లగా, “వదినా, పన్నెండో పుట వచ్చింది. నేను వ్రాయలేదు” అన్నది. ఆ కుఱ్ఱవాడు వ్రాసినాడట. 500కు 40 కలిపిన కథ, తేదీతో సహా. అడుగున తన పేరు తానే పెట్టుకొన్నాడట.

ఇది విన్న తరువాత మా అత్తగారు వ్రాసియిచ్చిన ఆవకాయ కాగితము తీసి చూచుకొంటిని. అందు ఉప్పు తగినంత, నూనె తగినంత అని యున్నది. ఆమె చేతికి తెలిసినది కాగితమునకు ఎక్కలేదు. వచ్చు వేసవినాటికి మా అమ్మాయికొఱకు దానిని క్రొత్తగా వ్రాయ మొదలిడితిని. కొలతలు వేయుచున్నాను. కాని మొదట వ్రాసినది, నేను కాపురమునకు వచ్చిన రెండవ యేట ముక్కలు తడి యాఱకమునుపే కలిపి, జాడీ అంతయు బూజు పట్టించి, అత్తగారికి తెలియకుండ పెరటిలో పాతిపెట్టిన సంగతి.